పెరట్లో కోళ్లు: నగరంలో ఏ జాతి, ఎన్ని, ఎక్కడ?

నగరంలో కాస్త పెరడు ఉండి, కోళ్లు పెంచాలనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. నాలుగు గ్రామప్రియ పెట్టలు తెచ్చుకోండి. అవి మూడు నెలల వయసువై ఉండాలి. పుంజు వద్దు. డాబా మీద కాకుండా నేల మీద, గట్టి ఇనుప జాలీ గూట్లో ఉంచండి. ఈ సలహాలో ప్రతి ముక్కకూ వేరే దారి ఉంది. గ్రామప్రియ బదులు వనరాజ, నాటుకోడి, కడక్‌నాథ్ ఉన్నాయి. మూడు నెలల పెట్ట బదులు ఒకరోజు పిల్ల ఉంది. నేల బదులు డాబా ఉంది. మీ ఇంటి పరిస్థితిని బట్టి వీటిలో ఏదో ఒకటి నా సలహా కన్నా బాగా నప్పవచ్చు. అందుకే ఏది ఎందుకు ఎంచుకోవాలో, ఏది ఎక్కడ బెడిసికొడుతుందో విడమరిచి చెబుతాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పల్లెలో పెంచినట్టు నగరంలో కోళ్లను పెంచలేం. పల్లెలో పొద్దున్నే గంప ఎత్తగానే కోడి బయటికి పోతుంది. పెంటకుప్ప కెలికి, చెదలూ పురుగులూ ఏరుకుని, కళ్లంలో రాలిన గింజలు తిని, పొద్దుగూకేసరికి తనంతట తానే ఇల్లు చేరుతుంది. దాని మేతలో పెద్ద వంతు ఊరే పెడుతుంది. మియాపూర్‌లోనో మధురవాడలోనో రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకోగా మిగిలిన పెరట్లో ఆ వసతి ఉండదు. ప్రతి గింజా మీరే వేయాలి, ప్రతి రెట్టా మీరే ఎత్తాలి. కూత పక్కింటి పడకగదిలోకి వినిపిస్తుంది. కాబట్టి పల్లెలో ఏ కోడి గొప్పది అన్నదానికి, నగరంలో ఏ కోడి పనికొస్తుంది అన్నదానికి జవాబులు వేరు.

ఏ జాతి?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరటి పెంపకానికని వాళ్లు తయారుచేసిన రకాల్లో మూడు పేర్లు మీకు ఎక్కువగా వినిపిస్తాయి. అవి వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి. మూడూ చూడటానికి నాటుకోడిలా రంగురంగుల ఈకలతో ఉంటాయి, ఎండకూ రోగాలకూ ఫారం కోళ్ల కన్నా బాగా తట్టుకుంటాయి. తేడా అంతా గుడ్ల దగ్గర, బరువు దగ్గర వస్తుంది. పెరటి పెంపకంలో గ్రామప్రియ ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. వనరాజ 100 నుంచి 110 దగ్గర ఆగుతుంది, కానీ ఒళ్లు బాగా చేస్తుంది. శ్రీనిధి ఈ రెంటికీ నడుమ ఉంటుంది, 140 నుంచి 150 వరకు పెడుతుంది.

గుడ్లే కావాలంటే గ్రామప్రియ తీసుకోండి. నలుగురున్న ఇంటికి నాలుగు పెట్టలుంటే రోజుకు రెండు గుడ్లకు కాస్త తక్కువగా సగటు పడుతుంది. రోజూ అలాగే పెడతాయని కాదు. కొన్నాళ్లు రోజుకు మూడు వస్తాయి, ఈకలు రాల్చే కాలంలో వారాల తరబడి ఒక్కటీ రాదు. గుడ్డు లేత గోధుమరంగులో ఉంటుంది. పెంకు ముదురు రంగులో ఉంటే బలం ఎక్కువ అనుకోవడం వట్టి నమ్మకమే. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, సొన రంగు తిండిని బట్టి వస్తుంది. మునగాకు, తోటకూర, పచ్చజొన్న తినే కోడి ఏ జాతిదైనా సొన పసుపుపచ్చగా మెరుస్తుంది.

మాంసం కూడా కావాలనుకునేవారికి, ఏటా సంక్రాంతికో బోనాలకో ఒకటి రెండు కోయాలనుకునేవారికి, వనరాజ మేలు. కాకపోతే అది బరువైన కోడి. ఎత్తుగా ఉన్న కర్ర మీదికి ఎగరలేదు, ఎండాకాలంలో త్వరగా వగరుస్తుంది, తిండి ఎక్కువ తింటుంది. గ్రామప్రియ దీనికి పూర్తిగా ఎదురు. తేలిక శరీరం కాబట్టి ఐదడుగుల ప్రహరీ దానికి అడ్డు కాదు. పెరట్లో వదులుదామనుకుంటే ఒకవైపు రెక్కలోని పొడవాటి ఈకలను మాత్రం సగానికి కత్తిరించండి. రెండు వైపులా కత్తిరిస్తే పని జరగదు. ఒకవైపే కత్తిరిస్తేనే ఎగరబోయినప్పుడు తూకం తప్పుతుంది.

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వాళ్ల రాజశ్రీ కూడా ఈ కోవలోదే. గ్రామప్రియ దొరకనప్పుడు నిస్సంకోచంగా దాన్ని తీసుకోవచ్చు.

ఇక అసలైన నాటుకోడి. దాని మీద మనందరికీ మమకారం ఉంది, నాకూ ఉంది. కానీ లెక్క చూస్తే ఏడాదికి 50 నుంచి 80 గుడ్లకు మించి పెట్టదు. దానికి కారణం ఉంది. పదిహేను ఇరవై గుడ్లు పెట్టగానే అది పొదుగుకు కూర్చుంటుంది, 21 రోజులు లేవదు, ఆ తర్వాత పిల్లలను తిప్పుకుంటూ మరికొన్ని వారాలు గడుపుతుంది. పిల్లలు చేసుకోవాలనుకునే ఇంటికి ఇదే వరం. గ్రామప్రియ, వనరాజ పెట్టల్లో పొదుగు గుణం చాలావరకు పోయింది. వాటి గుడ్లను పిల్లలు చేయాలంటే నాటుపెట్ట కిందో, మిషన్‌లోనో పెట్టాల్సిందే. నగరంలో రెండు మూడు నాటుపెట్టలు పెంచుకోవడం తప్పు కాదు. గుడ్ల లెక్క మాత్రం మరచిపోవాలి.

అసీల్ సంగతి వేరు. కోస్తా జిల్లాల్లో పందెం కోడి అంటే ఇదే. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకల రంగును బట్టి పేర్లు పెట్టి, బాదంపప్పు తినిపించి మరీ సాకుతారు. నిటారు మెడ, కండలు తిరిగిన కాళ్లు, ఆ నడక చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ పెరడు చిన్నదైతే అసీల్ వద్దు. వారాల వయసు పిల్లలే ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి. రెండు పుంజులను ఒకచోట ఉంచలేరు. గుడ్లు ఏడాదికి 30, 40 మించవు. పందేలు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కాబట్టి ఆ దారి గురించి మాట్లాడాల్సిన పని లేదు.

కడక్‌నాథ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా మోసపోయేది దీని దగ్గరే. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు భీల్, భిలాల గిరిజనులు తరతరాలుగా పెంచుకుంటున్న జాతి ఇది. 2018లో ఝాబువా కడక్‌నాథ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈక, చర్మం, మాంసం, ఎముక అన్నీ నల్లగా ఉంటాయి. ఒంట్లో మెలనిన్ అనే రంగుపదార్థం అధికంగా పేరుకోవడం వల్ల వచ్చే నలుపు అది. గుడ్డు మాత్రం నల్లగా ఉండదు, లేత గోధుమరంగులోనే ఉంటుంది. మాంసంలో కొవ్వు తక్కువే. అంతమాత్రాన అది షుగరుకో గుండెజబ్బుకో మందు అని చెప్పి పిల్లలను అధిక ధరకు అమ్మేవారి మాట నమ్మకండి. గుడ్లు ఏడాదికి నూరు దాటడం అరుదు, ఎదుగుదల నిదానం. పైగా బజారులో నల్ల ఈకలున్న సంకరజాతి పిల్లలు కడక్‌నాథ్ పేరుతో చెలామణి అవుతాయి. కావాలంటే కళ్లారా చూసి కొనండి. నాలుక, కాళ్లు, తురాయి నల్లగానో ముదురు ఊదారంగులోనో ఉండాలి. తురాయి ఎర్రగా ఉన్న నల్లకోడి కడక్‌నాథ్ కాదు.

తెల్ల లేయర్ కోళ్లు ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు పెడతాయి కదా, అవే తెచ్చుకోవచ్చు కదా అని అడిగేవారున్నారు. ఆ లెక్క ఫారంలోది. అక్కడ లెక్కకట్టి దాణా పెడతారు, లైట్లు వేసి పగటిని పొడిగిస్తారు. ఆ కోడి తన ఎముకల్లోని సున్నాన్ని కరిగించి మరీ పెంకు తయారుచేసుకుంటుంది. పెరటి తిండితో ఆ వేగాన్ని నిలబెట్టలేం, కోడి చిక్కిపోతుంది. బ్రాయిలర్ అసలు ఈ లెక్కలోకే రాదు. ఆరు వారాల్లో రెండు కిలోలు పెరిగేలా తయారుచేసిన పక్షి అది. ఆపైన ఉంచితే కాళ్లు బరువు మోయలేక కూలబడుతుంది.

కూడళ్లలో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లల గురించి ఒక మాట. అవి ఎక్కువగా హ్యాచరీలు వద్దనుకున్న లేయర్ మగపిల్లలు. గుడ్లు పెట్టవు, మాంసం పట్టదు, టీకాలు ఉండవు. చాలావరకు వారం తిరక్కుండానే చనిపోతాయి. ఇంట్లో పిల్లలు ఎంత మారాం చేసినా కొనకండి. కొనేవారు ఉన్నంతకాలం ఆ రంగు పూయడం ఆగదు.

పుంజు కావాలా?

గుడ్ల కోసం అక్కర్లేదు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదనే నమ్మకం నగరంలోనూ గట్టిగానే ఉంది, కానీ నిజం కాదు. పెట్ట వయసుకొస్తే పుంజు ఉన్నా లేకపోయినా గుడ్డు పెడుతుంది. పుంజు తోడు లేని గుడ్డు పిల్ల కాదు, అంతే తేడా. నిజానికి అలాంటి గుడ్డే ఎండల్లో ఎక్కువ రోజులు చెడకుండా ఉంటుంది.

పుంజును ఉంచితే వచ్చే చిక్కు మీకూ తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడుతుంది, వీధిదీపం వెలుగు పడితే ఇంకా ముందే. నగరంలో పెరటికోళ్ల మీద వచ్చే ఫిర్యాదులకు రెండే కారణాలు ఉంటాయి, ఒకటి కూత, రెండు వాసన. వాసనను మనం అదుపు చేయగలం, కూతను చేయలేం. గేటెడ్ కాలనీలోనో అపార్టుమెంటు కింది అంతస్తులోనో ఉంటే సంఘం నియమాలు ముందే కనుక్కోండి. అద్దె ఇల్లయితే యజమానిని అడగండి. నగరపాలక సంస్థకు ఫిర్యాదు వెళ్లాక సర్దుకోవడం కన్నా, పక్కింటివారితో ముందుగా మాట్లాడి, మొదటి గుడ్లలో నాలుగు వాళ్లింటికి పంపడం మంచిది.

ఒకరోజు పిల్లలా, ఎదిగిన పెట్టలా?

చాలామంది ఒకరోజు పిల్లలతో మొదలుపెడతారు. చవక, ముద్దుగా ఉంటాయి, చేతికి మచ్చికవుతాయి. కానీ నాలుగు కోళ్ల కోసం మొదలుపెట్టేవారికి ఇది కష్టమైన దారి. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ఒకదాని మీదొకటి ఎక్కి కిచకిచలాడుతుంటే చలి. అంచులకు జరిగి నోళ్లు తెరిచి ఉంటే వేడి. అట్టపెట్టె అంతా చెదిరి తింటూ, పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. బల్బును పైకి కిందికి జరుపుతూ సర్దుకోవాలి. రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి కొన్ని మిగలవు.

ఇంకా పెద్ద చిక్కు టీకాలు. మారెక్స్ వ్యాధికి టీకాను హ్యాచరీలోనే మొదటిరోజు వేస్తారు. ఆ తర్వాత మొదటి వారంలో కొక్కెర (రాణీఖేత్) రోగానికి లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయాలి, రెండో వారంలో గంబోరో వ్యాధికి టీకా, నాలుగో వారంలో లసోటా మళ్లీ, ఎనిమిదో వారంలో కొక్కెరకే సూది. టీకా సీసా ఒక్కోటి వంద, రెండు వందల కోళ్లకు సరిపడా వస్తుంది. ఐస్‌లో పెట్టి తేవాలి, కలిపిన గంట రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు పిల్లల కోసం నాలుగుసార్లు వంద చుక్కల సీసా తెచ్చి మిగిలింది పారబోయడం ఎవరికైనా విసుగే. అందుకే మానేస్తారు. మానేసిన ఇంట్లో కొక్కెర వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. మెడ మెలితిరగడం, పచ్చటి పారుడు, గురకతో ఊపిరి తీయడం దాని గుర్తులు. వచ్చాక దానికి మందు లేదు.

మరో మాట కూడా ఉంది. ఒకరోజు పిల్లల్లో ఏది పెట్టో ఏది పుంజో కొనేటప్పుడు చాలావరకు తెలియదు. సగానికి సగం పుంజులే రావచ్చు.

ఇన్ని కారణాల వల్ల పది పన్నెండు వారాల పెట్టలు తెచ్చుకోండి అంటాను. అప్పటికి వెచ్చదనం అవసరం తీరి ఉంటుంది, టీకాలు పూర్తయి ఉంటాయి, పెట్టా పుంజా కంటికే తెలుస్తుంది. ధర ఎక్కువే, కానీ మీరు కొంటున్నది ఆ మూడు నెలల శ్రమను. ఇప్పటికే గుడ్లు పెడుతున్న పెట్టను కొనడం మరో దారి. అందులో వయసు దగ్గర మోసం ఎక్కువ. కొనేముందు పెట్టను చంకలో పెట్టుకుని, తోక కింద ఉండే రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు ఆనించి చూడండి. రెండు మూడు వేళ్లు పడితే గుడ్డు పెట్టే పెట్ట, ఒక్క వేలే పడితే ఇంకా మొదలుపెట్టనిదో, మానేసినదో. తురాయి ఎర్రగా, మెత్తగా ఉండాలి. ముక్కు రంధ్రాలు పొడిగా, కళ్లు తేటగా, వెనకభాగం రెట్ట అంటకుండా శుభ్రంగా ఉండాలి. కాళ్ల మీద పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే అది ముసలి కోడో, పురుగు పట్టిన కోడో. ఏదైనా వద్దు.

పిల్లలకైనా పెట్టలకైనా రాజేంద్రనగర్ సంస్థను, పశువైద్య విశ్వవిద్యాలయాన్ని, మీ జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని ముందుగా అడగండి. ముందే పేరు రాయించుకోవాల్సి రావచ్చు. పరిశోధన సంస్థలు ఎక్కువగా ఇచ్చేది ఒకరోజు పిల్లలను. వాటిని తెచ్చి కొన్ని వారాలు పెంచి అమ్మే చిన్న రైతులు నగరాల చుట్టుపక్కల ఉంటారు. టీకాలు ఏ రోజు ఏవి వేశారో కాగితం మీద రాసి చూపించగలిగేవారి దగ్గరే కొనండి.

నేలా, డాబానా?

డాబా మీద కుక్కలు రావు, పాములు రావు, మరో పనికి రాని చోటు కలిసొస్తుంది. ఇవి కాదనలేని లాభాలు. కానీ తెలంగాణలో, రాయలసీమలో మే నెల డాబా అంటే కోడికి పెనం మీద నిలబడ్డట్టే. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చడం, రెక్కలు ఒంటికి దూరంగా పట్టడం, ఇవే అది చల్లబడే దారులు. గాలి 35 డిగ్రీలు దాటాక అవస్థ మొదలవుతుంది. 42, 43 డిగ్రీల మధ్యాహ్నం కాలే సిమెంటు పక్కన, రేకుల కింద ఉంచిన కోడి గుడ్డు మానేయడం చిన్న నష్టం, ప్రాణం పోవడం మామూలు.

పెరట్లో చిన్న వేపచెట్టో జామచెట్టో ఉంటే ఆ నీడ చాలు, సగం సమస్య తీరినట్టే. మట్టిలో గుంట తవ్వుకుని దుమ్ము స్నానం చేయడం కోడికి ప్రాణం. ఈకల్లో పేలు, గోమార్లు దానితోనే పోతాయి. డాబా మీద పెంచక తప్పకపోతే గోడకు తూర్పువైపున, మధ్యాహ్నం నీడ పడే చోట గూడు పెట్టండి. రేకుల మీద తాటాకులో గడ్డో పరవండి, పక్కలకు తడి గోనెపట్టా వేలాడదీయండి. వెడల్పు తొట్టిలో బూడిద కలిపిన మట్టి పోసి ఉంచండి. గూటి అడుగు నేల నుంచి కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి, లేకపోతే తేమ పట్టి శ్లాబు కారుతుంది. ఎక్కడ పెంచినా ఎండాకాలంలో నీళ్లు మట్టికుండలో పెట్టి, రోజుకు మూడుసార్లు మార్చండి. మేత పొద్దున్నే ఒకసారి, చల్లబడ్డాక ఒకసారి వేయండి, నడిమధ్యాహ్నం వద్దు.

గూడు విషయంలో నా పట్టుదల ఒక్క జాలీ మీదే. కోళ్లకని అమ్మే సన్నటి ఆరుపలకల జాలీ కోడిని లోపల ఉంచుతుందే గానీ కుక్కను బయట ఉంచదు. దంతాలతో లాగితే తెగిపోతుంది. అరంగుళం గళ్ల వెల్డ్‌మెష్ కొనండి. ధర ఎక్కువైనా పదేళ్లు ఉంటుంది. పిల్లి పంజా దూరదు, ముంగిస తల దూరదు. నేల మీద గూడయితే జాలీని అడుగు లోతున పాతిపెట్టండి లేదా అడుగున గచ్చు చేయండి. పందికొక్కు కింద నుంచే వస్తుంది. గొళ్లెం రెండు చోట్ల ఉండాలి.

చోటు లెక్క ఇలా వేసుకోండి. రాత్రి పడుకునే గూట్లో కోడికి మూడు చదరపు అడుగులు, పగలు తిరిగే జాలీ ఆవరణలో పది చదరపు అడుగులు. నాలుగు కోళ్లకు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గూడు, దానికి ఆనుకుని ఐదడుగులు ఎనిమిదడుగుల ఆవరణ సరిపోతుంది. కూర్చోవడానికి రెండంగుళాల మందం కర్ర ఒకటి, అంచులు గుండ్రంగా చెక్కినది ఉండాలి. గుడ్లకు అడుగు చదరం పెట్టె ఒకటి చాలు, నాలుగు పెట్టలూ ఒకదాని తర్వాత ఒకటి అందులోనే పెడతాయి. వెదురు గంప రాత్రి మూయడానికి పల్లెలో సరిపోయింది, నగరంలో వీధికుక్కలు దాన్ని తిరగేస్తాయి. ఇక ఫారంలో వాడే తీగ పంజరాన్ని ఇంట్లో పెట్టుకునేవారిని చూస్తే బాధేస్తుంది. రెక్క చాచడానికి చోటు లేకుండా పెంచేటట్టయితే గుడ్లు కొట్లో కొనుక్కోవడమే నయం.

గూటి నేల మీద ఊక మూడంగుళాల మందాన పరవండి. వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు కూడా పనికొస్తాయి. వారానికి రెండుసార్లు తిరగేయాలి. ఎప్పుడు మార్చాలో తెలియాలంటే గుప్పెడు ఊక తీసి పిడికిట బిగించి వదలండి. పొడిపొడిగా రాలితే బాగుంది. ముద్దగా నిలబడితే తడి ఎక్కువైంది, పొడి ఊక, కాస్త సున్నం చల్లండి. ముక్కుకు ఘాటు తగిలిందంటే అప్పటికే ఆలస్యం. ఆ ఘాటు అమ్మోనియా, అది కోడి కళ్లను, ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. తీసిన ఊకను ఎండుటాకులతో కలిపి రెండు మూడు నెలలు మాగనిచ్చాకే మొక్కలకు వేయాలి. పచ్చిరెట్ట వేస్తే వేళ్లు మాడిపోతాయి.

తిండి, ఖర్చు

పెద్దకోడి రోజుకు 110 నుంచి 120 గ్రాములు తింటుంది. నాలుగింటికి అరకిలో, నెలకు 15 కిలోలు. మార్కెట్లో దొరికే లేయర్ దాణాలో మాంసకృత్తులు, సున్నం సరైన పాళ్లలో ఉంటాయి కాబట్టి కొత్తవారికి అదే ఆధారం. ఇంట్లో కలుపుకోవాలనుకునేవారు మొక్కజొన్న, నూకలు, తౌడు, వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి వాడుతుంటారు. పాళ్లు తప్పితే మొదట దెబ్బతినేది గుడ్డే. వంటింటి మిగులుతోనే నెట్టుకురావచ్చని చెప్పేవారి మాట నమ్మవద్దు. అన్నం, కూరగాయ తొక్కలు కడుపు నింపుతాయి, గుడ్డు తయారీకి చాలవు. వాటిని మేతలో నాలుగోవంతుకు మించనీయకండి. ఊరగాయ, ఉప్పు ఎక్కువైన కూర పెట్టకండి. ఆల్చిప్పల పొడి మాత్రం వేరే చిప్పలో ఎప్పుడూ ఉంచండి. కావలసినంత కోడే తింటుంది. పెంకు పలచబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

వానాకాలంలో బూజు పట్టిన మొక్కజొన్న, చెక్క ఎంత కొంచెమైనా పెట్టకండి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం కాలేయాన్ని తింటుంది, బాతులకు, కోళ్లకు అది మరీ ప్రమాదం. దాణా కొద్దికొద్దిగా కొని, మూత ఉన్న డబ్బాలో దాచండి. రాత్రిపూట గూట్లో మేత ఉంచవద్దు. మేత కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాము వస్తుంది.

డబ్బు లెక్క నిజాయితీగా చూద్దాం. కిలో దాణా 35 రూపాయలనుకుంటే నెలకు 525. గుడ్లు నెలకు సగటున 55. అంటే దాణా ఖర్చే గుడ్డుకు తొమ్మిదిన్నర రూపాయలు. గూటి ఖర్చు, పెట్టల ధర దీనికి అదనం. ఆకుకూరలు, వంటింటి మిగులు కలిపితే కొంత తగ్గుతుంది. ఫారం గుడ్డు కన్నా చవకగా రావాలని మొదలుపెట్టేవారు ఈ పనిలోకి రాకపోవడమే మంచిది. అదే మీరు ఇప్పటికే నాటుగుడ్లు కొంటున్నవారైతే లెక్క మీ వైపే మొగ్గుతుంది. నెలకు ఒక్కసారీ కొట్టుకు పోనక్కర్లేకుండా, పొద్దున వెచ్చగా తీసిన గుడ్డు పిల్లలకు ఉడికించి పెట్టగలగడానికి నేను ఆ ధర సంతోషంగా ఇస్తాను.

జాగ్రత్తలు, మొదలుపెట్టే కాలం

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి పెద్ద ఎత్తున కోళ్లు చనిపోయాయి. వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నిటినీ చంపి పూడ్చిపెడతారు. అందులో పెరటికోళ్లకూ మినహాయింపు ఉండదు. మీరు చేయగలిగింది కొంత ఉంది. నీటి చిప్పలు కాకులు, పావురాలు ముట్టని చోట పెట్టండి. చికెన్ దుకాణం నుంచి వచ్చాక చెప్పులు మార్చకుండా గూటి దగ్గరికి వెళ్లవద్దు. కొత్తకోడిని తెస్తే రెండు మూడు వారాలు వేరుగా ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో రెండు మూడు కోళ్లు హఠాత్తుగా చనిపోతే వాటిని కోయవద్దు, పారేయవద్దు. పశుసంవర్ధక శాఖకు చెప్పండి, 1962కు ఫోను చేయండి. గూడు శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, గుడ్డును, మాంసాన్ని బాగా ఉడికించి తినడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి. చిన్నపిల్లలకు పచ్చిగుడ్డు పట్టించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది, అది మానాలి.

మొదలుపెట్టడానికి వేసవి, నడి వానాకాలం రెండూ మంచివి కావు. అక్టోబరు, నవంబరు నెలలు మేలు. అప్పుడు పన్నెండు వారాల గ్రామప్రియ పెట్టలు తెస్తే ఎండలు ముదిరేలోపే మీ ఇంటికి, మీ మేతకు అలవాటు పడతాయి. ఆరో నెలలో, అంటే జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో, మొదటి గుడ్డు చూస్తారు. ఆ గుడ్డు చిన్నదిగా ఉంటుంది, కొన్నిసార్లు సొన కూడా ఉండదు. కంగారు పడకండి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. పెట్టలను తెచ్చిన రోజు చీకటి పడ్డాకే గూట్లో వదలండి. కోడికి చీకట్లో కళ్లు సరిగా కనిపించవు, పెట్టిన చోటే కూర్చుని నిద్రపోతుంది, తెల్లారేసరికి అదే తన గూడని నమ్ముతుంది. ఐదారు రోజులు బయటికి వదలకుండా గూటిలోనూ ఆవరణలోనూ ఉంచితే, ఆ తర్వాత పెరట్లో వదిలినా పొద్దుగూకేసరికి తిరిగి వస్తాయి.

మొదటి ఏడాది దాటాక గుడ్లు తగ్గుతాయి, రెండో ఏడాది దాటాక బాగా తగ్గుతాయి. కోడి మాత్రం ఐదారేళ్లు బతకగలదు. అప్పుడు కోసుకుంటారా, ఊళ్లో ఎవరికైనా ఇస్తారా, అలాగే ఉంచుకుంటారా అన్నది ఇప్పుడే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, ముఖ్యంగా పేర్లు పెట్టే వయసు పిల్లలు ఉంటే. ఉంచుకోవాలని నిర్ణయించుకుంటే గూడు ఆరు కోళ్లకు సరిపడేలా కట్టించండి, రెండేళ్ల తర్వాత తెచ్చే కొత్త పెట్టలకు చోటుంటుంది.